బరువు దించిన మిద్దె

బాదేపల్లి పాతబజారులో మా మేనమామల మిద్దెను జేసీబీ కూల్చింది 2011లో. అది కూలడం మొదలుపెట్టింది మాత్రం 1998లో, చిన్నమామ లగ్గం పెట్టుకున్న నాడు.

కొత్త జంటకు ఒక అర్ర కావాలి. కింద ముందు భాగం దుకాణం, వెనక గింజల అర్ర, పక్కన వంటిల్లు. మిగిలిన రెంటిలో ఒకటి తాతా అవ్వలది, ఒకటి పెద్దమామది. ఇక ఉన్నది అటక. పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు, పైన బెంగుళూరు పెంకల కప్పు, నడిమధ్యన మనిషి నిటారుగా నిలబడేంత ఎత్తు. పల్లికాయ సంచులూ ఆముదాలూ పెళ్లిళ్ల గంగాళాలూ తప్ప అక్కడ కాపురమున్నవాళ్లు లేరు. దాన్నే గది చేద్దామన్నాడు పెద్దమామ. తమ్ముడి మీద ప్రేమతోనే అన్నాడు. తరవాత జరిగినవన్నీ చూసినవాణ్ని గనక ఆ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

రైలు దిగేది జడ్చర్లలో, బేరమాడేది బాదేపల్లిలో. నిజాం కాలపు మీటర్‌గేజీ పట్టాలు పడ్డాక చుట్టుపక్కల పండిన పల్లికాయ, ఆముదం, జొన్న ఇక్కడికే చేరేవి. ఆ బేరాల మీద లేచిన ఇళ్లలో మావాళ్లది ఒకటి. దర్వాజ మీద 1345 ఫసలీ అని చెక్కి ఉండేది, అంటే 1935-36. రాయీ మట్టీ కలిపి లేపిన మందపాటి గోడలు. వాటి మీద టేకు దూలాలు, దూలాలకు అడ్డంగా దంతెలు, దంతెల మీద చెక్కలు. చెక్కల మీద ఈతచాప పరిచి, జానెడు మందం మట్టి మెత్తి, పేడతో అలికారు. అటక నేల అంటే అదీ. పెంకలు కొనలేని వాళ్ల మిద్దెలకు కప్పు కూడా మట్టే. దాని మీద ఏటా వానలకు ముందు సౌడు పోసేవాళ్లు. సౌడులో ఉండే ఉప్పు గుణానికి బంకమన్ను తడవగానే ఉబ్బి సందులు మూసుకుంటాయి, నీళ్లు కిందికి దిగవు. పాలమూరు జనానికి ఇది ఎవరూ బళ్లో చెప్పలేదు.

అటకను గది చేయాలంటే మట్టి తీసేయాలన్నాడు మేస్త్రి. మట్టి నేల మీద మంచం కోళ్లు దిగబడతాయి, దుమ్ము లేస్తుంది, పైగా దూలాల మీద ఊరికే బరువు. మట్టి తీసి చెక్కల మీదే పాలిష్ కొడితే సినిమాల్లో బంగళాలాగా ఉంటుందని ఆశ పెట్టాడు. మూడు ట్రాక్టర్ల మట్టి దిగింది. వాకిట్లో పోసిన కుప్పలో చిన్నప్పుడు మేం పోగొట్టుకున్న గోలీలు, ఒక హాలీ సిక్కా పైసా దొరికాయి. ఇంట్లో అందరికీ సంబరంగానే ఉంది, ఒక్క అవ్వకు తప్ప. "మట్టి దీస్తే ఇల్లు ఉత్త డబ్బా అయితది రా, మోగుతది," అన్నది. ఆమె మాటను పాతకాలపు చాదస్తంలో జమ కట్టారు.

ఆమె మాటకు లెక్క ఉందని నాకు చాలా కాలం తరవాత తెలిసింది. ఘనపు మీటరు మట్టి బరువు సుమారు 1,700 కిలోలు. జానెడు మందాన పరిస్తే చదరపు మీటరుకు దాదాపు 390 కిలోలు, ఆ అటకంతటికీ ఎనిమిది తొమ్మిది టన్నులు. అంగుళం చెక్క ఒక్కటే అయితే చదరపు మీటరుకు పదహారు కిలోలు కూడా కష్టమే. అడ్డుగా ఉన్నదాని బరువు రెట్టింపైనప్పుడల్లా దాన్ని దాటి పోయే మాటల చప్పుడు సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుందని ధ్వనిశాస్త్రం చెప్తుంది. ఆ లెక్కన మావాళ్లు ఆ మట్టితో పాటు పాతిక డెసిబెళ్లకు పైబడిన నిశ్శబ్దాన్ని కూడా ట్రాక్టరుకెత్తారు. పది డెసిబెళ్లు పెరిగితే చెవికి చప్పుడు రెండింతలైనట్టుంటుంది. పాతికంటే ఎంతో మీరే చూసుకోండి. చెక్కల మధ్య సందులు పెట్టే నష్టం ఇది కాక. అడ్డుగోడ విస్తీర్ణంలో నూటికి ఒక వంతు సందు ఉంటే చాలు, మిగతాదంతా ఎంత గట్టిదైనా 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు.

ఎడింబరోలో 18, 19 శతాబ్దాల అంతస్తుల ఇళ్లకు దూలాల నడుమ పలక బిగించి, దాని మీద బూడిదో మట్టో పోసి, ఆపైన నడిచే నేల వేశారు. పైవాడి గోల కిందివాడికి వినపడకుండా ఉండటానికే. అక్కడ ఇప్పటికీ పాత ఇల్లు బాగుచేసేవాళ్లకు ఇంజినీర్లు చెప్పే మొదటి మాట ఆ చెత్తను పారేయకండి అని. మన దగ్గర ఆ మాట చెప్పిన అవ్వకు పట్టా లేదు.

పెళ్లయింది. వారం తిరక్కుండానే పైన పడే ప్రతి అడుగూ కింద లెక్కకొచ్చింది. చిన్నత్త కాలి మెట్టెల చప్పుడు, చెంబు పెట్టిన చప్పుడు, మంచం జరిపిన చప్పుడు. అన్నిటికంటే చెక్కల కిర్రు. తలుపు దగ్గర నుంచి మూడో చెక్క మరీ మొండిది. పిల్లి నడిచినా మూలిగేది. చిన్నత్త అప్పుడు ఇరవై ఏళ్ల పిల్ల. పొద్దున నాలుగింటికి లేచి కిందికి దిగాలంటే మంచం మీద నుంచి మెట్ల దాకా ఎట్లా నడవాలో తనంతట తానే కనిపెట్టుకుంది. మొలల వరసను పట్టుకుని నడిచేది. మొలల వరస కింద దంతె ఉంటుంది, అక్కడ చెక్క వంగదు, అరవదు. రెండు దంతెల నడుమ కాలు పెడితేనే చెక్క కిందికి దిగి, మొలను రాసుకుంటూ మళ్లీ పైకి లేస్తుంది. చీర కుచ్చెళ్లు చేత్తో ఎత్తిపట్టుకుని, గోడవారగా, అడుగులో అడుగేసి ఆమె నడిచే తీరు చూస్తే అప్పట్లో మాకు నవ్వొచ్చేది.

క్యోటోలో నిజో కోట ఉంది, 17వ శతాబ్దం నాటిది. దాని వసారాల్లో నేల పిట్ట కూసినట్టు కూస్తుందని ప్రపంచం నలుమూలల నుంచి పోయి చూసొస్తారు. చెక్కల కింద ఇనుప పట్టీలు మొలలకు రాసుకుని వచ్చే చప్పుడే అది. రాజుల ఇంట్లో కిర్రుమంటే దొంగకు కాపలా అంటారు. మా ఇంట్లో అది కోడలికి కాపలా అయింది.

చప్పుడు పైనుంచి కిందికే పోదు కదా. కింద అత్తామామలు కట్నం బాకీ గురించి గుసగుసలాడుకున్నవి పైకి వినపడ్డాయి. పైన మొగుడూ పెళ్లాలు దుకాణం లెక్కల గురించి అనుకున్నవి కిందికి వినపడ్డాయి. ఏ ఇంట్లోనైనా రాత్రిళ్లు అనుకునే మాటలు కొన్ని ఉంటాయి. తెల్లారితే అన్నవాళ్లకే గుర్తుండవు. మట్టి ఉన్నన్నాళ్లూ అవి ఆ అర్రలోనే పుట్టి ఆ అర్రలోనే ఆరిపోయేవి. ఇప్పుడు పొద్దున్నే చాయ్ గ్లాసు పెట్టే తీరులో బయటపడుతున్నాయి. చిన్నమామ ఒక రాత్రి "వేరుపడితే పీడ పోతది" అన్నాడట. తెల్లారి పెద్దమామ గల్లాపెట్టె తాళంచెవి తెచ్చి తమ్ముడి ముందు పడేశాడు. "వేరుపడుడు ఎందుకు, అంతా నువ్వే ఉంచుకో." ఆ తాళంచెవి మధ్యాహ్నం దాకా ఎవరూ ముట్టలేదు. దుకాణం ఆ పూట తెరవలేదు.

అప్పుడు వడ్లాయనను పిలిపించారు. తాత కాలం నుంచి ఆ ఇంటికి పని చేసిన మనిషి, చూపు మందగించింది గానీ చెయ్యి మందగించలేదు. మొదట వచ్చినప్పుడు మావాళ్లు చెప్పినట్టే చేశాడు, వదులైన చోటల్లా కొత్త మొలలు దించాడు. నెల్లాళ్లు బాగానే ఉంది. తరవాత పాత చప్పుడుకు కొత్త మొలల చప్పుడు తోడైంది. రెండోసారి వచ్చి, చెవి నేలకు ఆనించి, పిల్లవాణ్ని చెక్కల మీద అటూ ఇటూ నడిపించి, "చెక్క కాదు సేటూ మొత్తుకునేది, మొల," అన్నాడు. మొలలు ఊడదీసి స్క్రూలు బిగించాడు. మొల నున్నగా ఉంటుంది, చెక్క ఎండి కుంచించుకుంటే దాని పట్టు జారుతుంది. స్క్రూకు మర ఉంటుంది గనక జారదు. చెక్కకూ దంతెకూ మధ్య ఎడం వచ్చిన చోట్ల కింది నుంచి పలుచని చీలలు జిగురుతో దోపాడు. సందుల్లో ముఖానికి రాసుకునే పౌడరు పోసి గుడ్డతో రుద్దాడు, చెక్కా చెక్కా రాసుకుని వచ్చే కీచు అణగడానికి. కిర్రు ముప్పాతిక వంతు పోయింది. మూడో చెక్క నోరు మూసుకుంది.

మాటలూ అడుగులూ మాత్రం ఎప్పటిలాగే వినపడేవి. కిర్రు వేరు, చప్పుడు దాటడం వేరు. మొదటిది బిగింపుతో పోతుంది, రెండోది బరువుతో పోతుంది. ఆ సంగతి వడ్లాయన తన మాటల్లో తాను చెప్పాడు. చెక్కలన్నీ లేపి, దంతెల పక్కలకు పట్టీలు కొట్టి, వాటి మీద పలక ఆనించి, జల్లెడ పట్టి ఎండబెట్టిన ఇసుక నాలుగు వేళ్ల మందం పోస్తానన్నాడు. దంతెల మీద కొబ్బరిపీచు పట్టీ పరిచి, దాని మీద చెక్కలు మళ్లీ వేస్తానన్నాడు. ఇసుక మాటలను ఆపుతుంది, పీచు అడుగులను ఆపుతుంది. ఇవాళ్టి ఇంజినీరు రాక్‌వూల్ అంటాడు, రబ్బరు మ్యాట్ అంటాడు, కానీ చేసేది ఇదే. పాత మట్టి బరువులో మూడో వంతు దాటదు, దూలాలకు అది ఒక లెక్క కాదు.

నెల రోజుల పని. ఆ నెలా చిన్నమామ సంసారం కిందికి దిగాలి. అప్పటికి ఆ ఇద్దరు అన్నదమ్ములు ఒకే బంతిలో కూర్చుని తినడం మానేశారు. ఎవరి డబ్బుతో చేయించాలన్న దగ్గర మాట ఆగింది. నన్నడిగితే ఆ ఇల్లు అక్కడే పోయింది, ఆ తరవాతిదంతా కర్మకాండ.

2004లో ఒకాయన చవకలో పని చెప్పాడు. కింది నుంచి ప్లైవుడ్ సీలింగు కొట్టి, పైన థర్మాకోల్ పలకలు దోపితే చీమ చిటుక్కుమన్నా వినపడదన్నాడు. నాలుగు రోజుల్లో అయిపోయింది. థర్మాకోల్ గాలంత తేలిక, చప్పుడును ఆపే బరువు దానికెక్కడిది? వేడిని ఆపుతుంది అంతే. కానీ చూడటానికి ఇల్లు కొత్తగా మారింది. నల్లబడ్డ దూలాలు కనపడకుండా పోయాయి, తెల్ల రంగు వేశారు, ఫ్యాన్లు బిగించారు. అవ్వ మంచంలో నుంచి ఆ తెల్లదనాన్ని చూస్తూ "దూలాలేవి రా" అని అడిగేది. ఆ ఏడాదే పోయింది.

మట్టి ఉన్న కాలంలో అటక మీద ఎక్కడ చినుకు పడినా మరక తేలేది, మర్నాడే పెంక మార్చేవాళ్లు. కింది నుంచి దూలాల కొసలు కళ్లకు కనపడుతుండేవి, చెదలు మట్టిగీత గీస్తే చీపురుతో దులిపేవాళ్లు. ఇప్పుడు పైన చెక్కల మీద లినోలియం, కింద ప్లైవుడ్, మధ్యన చీకటి. పడమటి గోడ మీద రెండు పెంకలు పగిలి, వాన నీళ్లు గోడ తల మీదుగా దూలం కొస కూర్చున్న గూట్లోకి దిగుతున్న సంగతి ఎవరికీ తెలియలేదు.

ఒక సంగతి తలచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం ఉసూరుమంటుంది. 2007, 2008 ప్రాంతాల్లో పడమటి పక్క మిగిలిన కాస్త కిర్రు కూడా ఆగిపోయింది. "సీలింగు పనిచేసింది" అని పెద్దమామ అందరికీ చెప్పుకున్నాడు. చిన్నత్త మొదటిసారి ఆ పక్క నిర్భయంగా నడిచింది. అసలు జరిగింది వేరు. తడిసిన చెక్క ఉబ్బుతుంది, ఉబ్బితే మొలనూ స్క్రూనూ బిగపట్టుకుంటుంది, రాపిడి ఉండదు, చప్పుడుండదు. వానాకాలంలో పాత ఇళ్ల నేలలు నెమ్మదించి, ఎండాకాలంలో మళ్లీ అరవడం ఇందుకే. ఎండాకాలంలో కూడా అరవడం మానేసిందంటే అది బాగుపడ్డట్టు కాదు, ఆరడం మానేసినట్టు. వడ్లాయన ఉంటే ఆ నిశ్శబ్దం విని ఉలిక్కిపడేవాడేమో. ఆయన అప్పటికి లేడు.

2009లో దసరా వెళ్లిన రెండు మూడు రోజులకు ఆ వాన మొదలైంది. కృష్ణా తుంగభద్రలు పొంగి కర్నూలు మునిగింది, ఆలంపూరు మునిగింది. పాలమూరు జిల్లా అంతటా మట్టిగోడలు నానిపోయాయి. బాదేపల్లిలో రెండో రోజు రాత్రి పెద్దమామ పడుకున్న అర్రలో సీలింగు పలకలు పటపటమని పెట్లి, పడమటి మూల అడుగు మేర కిందికి దిగింది. పైన ఎవరూ లేరు. చిన్నత్త పిల్లలను తీసుకుని బతుకమ్మకు పుట్టింటికి పోయి, వాగులు పొంగి తిరిగి రాలేకపోయింది. చిన్నమామ దుకాణంలో పడుకున్నాడు.

తెల్లారి ప్లైవుడ్ పీకి చూశాం. వడ్లాయన కొడుకు నిచ్చెనెక్కి దూలం కొస మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు లోపలికి పోయింది. తీసి చూపిస్తే గోరు సందులో తడి రంపపు పొట్టులాంటిది. అక్కడి నుంచి మూరెడు ఇవతలికి జరిగి ఉలి వెనక్కి తిప్పి కొట్టాడు. ఖంగుమన్నది. పదిహేనడుగుల టేకులో చెడింది మూరెడు. ఆ మూరెడూ కోసేసి, రెండు పక్కలా ఇనుప చానెళ్లు వేసి బోల్టులు బిగించి, గోడలో కింద రాతిపలక మీద కూర్చోబెడితే ఇంకో యాభై ఏళ్లు ఉంటుందన్నాడు. ఇద్దరు మామలూ అక్కడే, ఒకరు తలుపు దగ్గర, ఒకరు కిటికీ దగ్గర నిలబడి విన్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మా ఇంట్లో ప్రాణం పోలేదు. అందరికీ ఆ అదృష్టం లేదు. 2020 అక్టోబరులో వనపర్తి జిల్లా గోపాల్‌పేట మండలం బుద్ధారంలో, ఇంట్లో పోయినవారి సంవత్సరీకానికి చేరినవాళ్లు రాత్రి ఒకే అర్రలో పడుకుంటే మిద్దె కూలి ఐదుగురు పోయారు. మరుసటేడు అదే అక్టోబరులో గద్వాల జిల్లా అయిజ మండలం కొత్తపల్లిలో గోడ కూలి ఒకే ఇంటివాళ్లు ఐదుగురు పోయారు, పిల్లలతో సహా. మట్టిమిద్దె చెడ్డదని కాదు. ఏటా సౌడు పోయాలి, చెదలు దులపాలి, గోడ తల కాపాడాలి. ఆ పని చేతుల్లో ఉన్నవాళ్లు బొంబాయికీ పుణెకూ పోయారు. పాలమూరు లేబర్ కట్టని ఆనకట్ట లేదు, తవ్వని కాలువ లేదు. ఊళ్లో సొంత మిద్దె మీద తట్టెడు సౌడు పోసే మనిషి మాత్రం కరువయ్యాడు.

మామలిద్దరూ కోర్టుకు పోయి పంపకాలు చేసుకున్నారు. ఇంటిని నిలువునా రెండు చేయలేరు గనక కూల్చి జాగా పంచుకోవాలన్నారు. బాదేపల్లికి దగ్గర్లోనే ఆల్వాన్‌పల్లిలో గొల్లత్తగుడి ఉంది, ఇటుకలతో కట్టిన జైనుల గుడి, వెయ్యేళ్లు దాటినా నిలబడే ఉంది. మా మిద్దె ఎనభై కూడా చూడలేదు. జేసీబీ వచ్చిన రోజు పాతకలప కొనేవాడు దూలాలను అడుగుల లెక్కన కొలుచుకున్నాడు. పడమటి దూలం దగ్గర మాత్రం బేరమాడాడు. చెడిన మూరెడూ అక్కడే రంపంతో కోసి పడేసి, మిగతాదానికి మంచి ధరే కట్టిచ్చాడు.

చిన్నమామ తన వాటా అమ్ముకుని హైదరాబాదు పోయాడు. పెద్దమామ తన వాటాలో స్లాబు వేసి రెండంతస్తులు కట్టాడు. పైన పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలకు పోయే పిల్లలు అద్దెకుంటారు. ఐదంగుళాల కాంక్రీటు మాటలను బాగానే ఆపుతుంది. కుర్చీ ఈడిస్తే, రోకలి దంచితే మాత్రం ఆ దెబ్బ నేరుగా స్లాబులో పడి కింద తల మీద మోగుతుంది. ఎనభై దగ్గరపడ్డ మనిషికి అర్ధరాత్రి షిఫ్టు దిగొచ్చే పిల్లల కుర్చీలంటే నరకం. రబ్బరు బుష్షులు తొడగమని చెప్తే పోయేదానికి పైకి ఎక్కి అడగడం ఆయనకు నామోషీ. నేనే కొనుక్కుపోయి తొడిగించి వచ్చాను.

కిందికి దిగేసరికి వరండాలో కూర్చుని ఏదో లెక్క వేస్తున్నాడు.

"ఆ వడ్లాయన ఇసుక పోస్తనన్నడు చూడు, యాదున్నదా? పట్టీలు, పీచు, కూలి అంతా కలిపి ఏడు వేలన్నడు."

యాదున్నదన్నాను.

"వకీలుకు మొదటి వాయిదాకే ఎనిమిదిచ్చిన," అని, చాయ్ తెమ్మని లోపలికి కేకేశాడు.